పాముకు తోడెందుకు అన్నా?

కొంచెం పెద్ద పోస్టు, కొంచెం కోపంగా కూడా ఉంటది. ఓపికతో చదవండి.

మన అడవి పక్క ఊళ్లలో చేలోనో, పామాయిల్ తోటలోనో పాము కనపడితే వెంటనే కర్ర తీసేవాళ్లు తగ్గుతున్నారు. మంచిదే. కానీ కొందరు పట్టినంక చేసే పని ఏంది? ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి మూత పెడతారు. రెండ్రోజులకు ఇంకోటి దొరికితే అదీ దాంట్లోనే. "ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకుంటది, తోడు ఉండనీ" అని పైగా ఒక మాట. నాలుగైదు అయినంక ఒకేసారి అడవికి తీసుకపోయి, వీడియో తీసుకుంటూ వదులుతారు.

తోడు ఎద్దుకు కావాలి, గొర్రెకు కావాలి. మంద జీవాలు అవి. మన దగ్గరి పాము జత కట్టే కాలంలో తప్ప ఇంకో పామును వెతుక్కోదు. నాగుపాము ఎలుకనీ కప్పనీ తిన్నట్టే చిన్న పామునీ మింగుద్ది. కట్లపాముకైతే పాములంటేనే ఇష్టమైన తిండి. మేకకు తోడని చిరుతను తెచ్చి అదే దొడ్లో కట్టేస్తామా?

రెండు జెర్రిపోతులు నిలువునా లేచి పెనవేసుకుంటే జత అనుకుని దండం పెడతాం. చాలాసార్లు అది రెండు మగవాటి కుస్తీ. బయటైతే ఓడింది పారిపోద్ది. డ్రమ్ములో ఎటు పోవాలి? (జెర్రిపోతు నాగుపాముతో జత కడతదనే మాట కూడా వట్టిదే. రెండూ వేరు జాతులు.)

మన ఎండ సంగతి నేను చెప్పాల్నా? పాము ఒంటికి సొంత వేడి ఉండదు. ఎండైతే బొరియలోకి, చలైతే వెలుగులోకి పోయి సర్దుకుంటది. మే నెలలో రేకుల షెడ్డు కింద మూతపెట్టిన డ్రమ్ము అంటే పొయ్యి మీద పెట్టిన కుండే.

పాము సంగతి సరే, మనిషి సంగతి చూద్దాం. మూత తీసేవాడి కళ్లు పైనున్న పాము మీద ఉంటయి. కిందున్న రెండోది ఎవరికి కనపడుద్ది? కట్లపాము పోలికతోనే విషం లేని పాము ఒకటి ఉంది, రెండూ ఒక్కచోట చుట్టుకుంటే దీపం వెలుగులో తేడా పట్టడం ఎవరి తరం? ఇంకోటి వినండి. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటది, ఒక్క ఈతకు ఇరవై ముప్ఫై దాకా. పుట్టిన రోజే వాటికి విషం ఉంటది. చూలుతో ఉన్నదాన్ని డ్రమ్ములో వేసి నాలుగు రోజులకు చెయ్యి పెట్టినోడి గతేంది?

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పన్నెండు లక్షల మంది పోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువ మంది పల్లెలోళ్లే. ఆ లెక్కలో వీడియో కోసం ఇంకో పేరు ఎక్కాల్నా?

"చెన్నై దగ్గర ఇరుళ వాళ్లు కుండల్లో పెడతారు గదా" అని వాదించేవాళ్లున్నారు. అవును, పెడతారు. 1978లో పెట్టిన సహకార సంఘం అది. ప్రభుత్వ అనుమతితో, లెక్క ప్రకారం, కొన్ని వారాలే ఉంచుకుని, మందు తయారీకి విషం తీసి మళ్లీ అడవిలో వదిలేస్తారు. తరతరాల విద్య వాళ్లది. మన బియ్యం డ్రమ్ముకూ దానికీ ఏం పోలిక?

"గోదాంలో రెండు జెర్రిపోతుల్ని పెంచితే ఎలుకల బాధ పోద్ది" అనేది ఇంకో తెలివి. గట్టున వదిలేస్తే ఆ పని అది ఎట్లాగూ చేస్తది, కూలి లేకుండా. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టడం, ఉంచుకోవడం నేరం. కేసయితే గోదాం కాదు, కోర్టు చుట్టూ తిరగాలి.

కాబట్టి అన్నా, చేలో కనపడితే దారి ఇవ్వండి, పోద్ది. ఇంట్లో దూరితే పిల్లల్ని బయటికి పంపి, దూరం నుంచి చూస్తూ ఫారెస్టు వాళ్లకు ఫోన్ చెయ్యండి. పట్టడం తెలిసినోడు వస్తే ఒక్క పాముకు ఒక్క సంచి అని నిలబడి అడగండి, ఆ రోజే దగ్గర్లోనే వదలమనండి. ఎవరికన్నా కాటు పడితే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, పసరు పొయ్యొద్దు, 108కి కొట్టి నేరుగా ఆసుపత్రికి.

బీట్ ఆఫీసరు నంబరు ఫోన్లో లేనోళ్లు ఈ రాత్రే ఎక్కించుకోండి.