దొరబావి దారి ఎవరిది?



గాజులపల్లె దాటి దిగువమెట్ట వైపు నల్లమలలోకి పోతే పాత మీటర్‌గేజి రైలుదారి కనబడుతుంది. దొరబావి వంతెన, బొగద సొరంగం ఆ దారిలోవే. 1880లలో కట్టినవి. 1990లలో బ్రాడ్‌గేజి వచ్చింది, ఘాట్‌లో రైలు వేరే దారి పట్టింది. వందేళ్లు బండ్లు నడిచిన కట్ట కంపచెట్ల పాలైంది.

ఆ కట్టను జనం నడిచే దారిగా, పిల్లలు సైకిలు తొక్కే దారిగా మార్చాలి. "మనం రోజూ నడిచేదే కదా, ఇంకా నడకదారి ఎందుకప్పా" అని కొందరు నవ్వొచ్చు. కూలికి నడిచే నడక వేరు. కట్టెలమోపు ఎత్తుకుని నడిచే నడక వేరు. పిల్లాజెల్లాతో సంతోషంగా నడిచే నడక వేరు. ఆ మూడో నడక వాడకు ఎప్పుడు దక్కింది?

ఇదేమీ గాలిమాట కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో రైళ్లు ఆగిపోయిన ఎల్‌రాయ్-స్పార్టా లైనును 1960లలోనే నడక, సైకిళ్ల దారి చేశారు. అందులో మూడు సొరంగాలున్నాయి. పాడుబడ్డ సొరంగం చుట్టూ అక్కడ చిన్న ఊళ్లకు బతుకుతెరువు దొరికింది.

మన లైను కథ కరువులో మొదలైంది. 1876-78 కరువులో కర్నూలు, బళ్లారి సీమలు శవాల దిబ్బలయ్యాయి. కరువు పనుల్లో మగమనిషికి రోజంతా చాకిరీకి ఇచ్చింది సుమారు 450 గ్రాముల గింజలు, ఒక అణా. ఆ తర్వాత 1880 కరువు కమిషన్ రైళ్లు వేయమంది. మట్టి ఎత్తిందెవరు? రాయి కొట్టిందెవరు? పేరులో దొర మిగిలాడు, కూలి మిగల్లేదు. అందుకే దారి చేస్తే మొదటి రాయి మీద ఆ కూలీల చరిత్ర చెక్కాలి.

అసలు భయం ఇంకొకటుంది. మహానంది కోనేటి నీళ్లు అరటి తోటలకు పారుతున్నాయి. ఆ తోటల్లో గెలలు మోసే భుజాలు ఎవరివి, తోటలు ఎవరివి? రేపు నడకదారీ ఇట్లాగే కాదని ఏం నమ్మకం? గేటు పెట్టి, టిక్కెట్టు పెట్టి, రిసార్టు కట్టి, మనవాళ్లకు చీపురు చేతికిస్తే అది అభివృద్ధా?

దారి చిన్న విషయం కాదు. 1924లో వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడిచేందుకే సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు తాగి అంబేద్కర్ చూపించింది కూడా ఇదే: పదిమంది సొత్తు పదిమందిదే. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల పేర్లు ఎత్తి మరీ రాసింది. సర్కారు డబ్బుతో నడిచే చోట కులం పేరుతో ఎవరినీ ఆపరాదు.

అడవిలో ఇంకో మాట. ఇది పెద్దపులుల అడవి, చెంచుల ఇల్లు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకు సామూహిక హక్కు ఇచ్చింది. చెంచుల గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క గునపం దిగరాదు. పులి తిరిగే భాగం జోలికి పోవద్దు, అడవి అంచు దాకా చాలు. చీకటి పడితే దారి మూసేయాలి.

మన డిమాండ్లు ఇవి: నడిచేందుకు టిక్కెట్టు వద్దు. కట్ట బాగుచేసే పని ఉపాధి కూలీలకే. టీకొట్లు, సైకిళ్ల అద్దె, దారి చూపే పని చెంచు, దళిత మహిళా సంఘాలకే. లెక్కలు గ్రామసభలో చదవాలి.

ఈ మాట వచ్చే గ్రామసభలో లేవనెత్తండి. తీర్మానం రాయించండి, నకలు అడిగి తెచ్చుకోండి. మన తాతలు మోసిన మట్టి మీద మన పిల్లలు తలెత్తుకుని నడవాలి!