ఆల్బమ్‌కు జయంతి, ఆర్టిస్టుకు లాఠీ

పాటల ఆల్బమ్‌లకు పుట్టినరోజులు చేసే కాలం నడుస్తోంది. ఫలానా రాక్ ఆల్బమ్‌కు పాతికేళ్లు, ఫలానా జాజ్ రికార్డుకు యాభై ఏళ్లు అంటూ పత్రికలు ప్రత్యేక పేజీలు వేస్తాయి. కంపెనీలు పాత సరుకుకు కొత్త అట్ట తొడిగి మళ్లీ అమ్ముతాయి. మంచి పాటను యాది చేసుకుంటే తప్పేముంది? ఏమీ లేదు. కానీ యాది చేసుకునేది ఏమిటి, యాది లేకుండా చేసేది ఏమిటి అన్నదే మా ప్రశ్న. పాట విలువ తెలిసిన మన పాఠకులు ఈ ప్రశ్నను పట్టించుకోవాలని మేం కోరుకుంటున్నాం.

1959 ఆగస్టు 17. జాజ్ చరిత్రలో పెద్ద తేదీ. మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విడుదలైన రోజు. న్యూయార్క్ 30వ వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా కంపెనీ స్టూడియోలో ఆ ఏడాది మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డు చేశారు. మైల్స్‌తో పాటు జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, బిల్ ఎవాన్స్, వింటన్ కెల్లీ, పాల్ చాంబర్స్, జిమ్మీ కాబ్ వాయించారు. పెద్దగా రిహార్సల్ లేదు. మైల్స్ కొన్ని స్వరాల వరుసలు చేతికిచ్చాడు, మిగతాదంతా వాళ్లు అక్కడికక్కడే అల్లుకున్నారు. జాజ్ రికార్డులన్నిటిలో అత్యధికంగా అమ్ముడైన వాటిలో ఇదొకటి. 2019 నాటికి ఒక్క అమెరికాలోనే 50 లక్షల ప్రతుల లెక్క తేలింది.

ఈ తేదీ అందరికీ తెలుసు. దీనికి ఎనిమిది రోజుల తర్వాత వచ్చే తేదీ ఎంతమందికి తెలుసు?

1959 ఆగస్టు 25 రాత్రి. న్యూయార్క్ బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో మైల్స్ కచేరీ. మధ్యలో విరామం దొరికితే బయటికొచ్చాడు. ఒక తెల్లజాతి మహిళను టాక్సీ ఎక్కించి, క్లబ్బు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. కదలమన్నాడు పోలీసు. నేనిక్కడే పనిచేస్తున్నా, పైన బోర్డు మీద ఉన్నది నా పేరే అన్నాడు మైల్స్. అదే నేరమైపోయింది. అంతలో ఇంకో పోలీసు వెనక నుంచి వచ్చి తల పగలగొట్టాడు. ఐదు కుట్లు పడ్డాయి. నెత్తురోడుతున్న మనిషినే స్టేషనుకు పట్టుకుపోయి, ఆయన మీదనే కేసు పెట్టారు. క్లబ్బుల్లో వాయించడానికి పోలీసులిచ్చే అనుమతి కార్డునూ లాక్కున్నారు. కేసులు కోర్టులో నిలబడలేదు. కానీ ఆ దెబ్బ మైల్స్ జీవితమంతా మానలేదు.

ఆ కార్డు సంగతీ చెప్పుకోవాలి. 1940 నుంచి 1967 దాకా న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడాలన్నా, వాయించాలన్నా పోలీసుల కార్డు ఉండాల్సిందే. పొట్టకూటికి పోలీసు ముద్ర! బిల్లీ హాలిడే అంతటి గాయని 1947లో కార్డు పోగొట్టుకుంది. 1959 జులై 17న, 44 ఏళ్లకే, ఆస్పత్రి మంచం మీద పోలీసు కేసుతోనే కన్నుమూసింది. సరిగ్గా నెల రోజులకు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ బజారుకొచ్చింది. ఆ వేసవి ఇలాంటిది. ఆల్బమ్ అట్ట మీద ఇవేవీ కనబడవు.

2009 డిసెంబరు 15న అమెరికా ప్రతినిధుల సభ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ యాభై ఏళ్ల పండుగ సందర్భంగా తీర్మానం చేసింది. అనుకూలంగా 409 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. జాజ్ జాతి సంపద అని మరోసారి చాటారు. సంతోషం. అయితే తలకు కుట్లు పడ్డ రోజు ఆ సంపదను కాపాడినవాళ్లు ఎవరు? చచ్చినోడి కండ్లు చారెడు అన్నట్టు, మనిషి పోయాక మర్యాదలు చేయడం రాజ్యానికి తేలికే. మైల్స్ 1991లోనే పోయాడు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ తీర్మానం తెచ్చింది మిషిగన్ సభ్యుడు జాన్ కాన్యర్స్. నల్లజాతి నాయకుడు, పౌరహక్కుల పోరాటం నుంచి వచ్చినవాడు. బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ ఏళ్ల తరబడి ఆయన కార్యాలయంలోనే ఉద్యోగం చేసింది. అంటే జయంతి అన్నది కంపెనీల సొత్తే కావాలని రూలేమీ లేదు. ఎవరి చేతిలో పడింది, ఎందుకు వాడారు అన్నదే లెక్క.

దీనికి మాక్స్ రోచ్ కంటే మంచి ఉదాహరణ లేదు. అమెరికాలో బానిస విముక్తి ప్రకటనకు 1963లో వందేళ్లు నిండుతాయి. ఆ శతజయంతికని డ్రమ్మర్ రోచ్, కవి ఆస్కార్ బ్రౌన్ జూనియర్ ఒక పాటల వరుస మొదలుపెట్టారు. ఇంతలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే హోటల్ కౌంటర్ ముందు కూర్చుని లేవమన్నారు. మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఇక 1963 దాకా ఆగేదేమిటి? 1960లోనే ‘వి ఇన్‌సిస్ట్!’ ఆల్బమ్ వచ్చేసింది. అట్ట మీద హోటల్ కౌంటర్ ముందు కూర్చున్న ముగ్గురు నల్లజాతి యువకుల ఫొటో. లోపల ఆబీ లింకన్ గొంతు. ఒక చోట ఆమె పాడదు, కేకలు వేస్తుంది. దక్షిణాఫ్రికా పాలకులు ఆ ఆల్బమ్‌ను నిషేధించారు. శతజయంతి దండలు సిద్ధం చేస్తున్న దేశాన్ని, ముందు బాకీ తీర్చమని అడిగిన ఆల్బమ్ అది. 2022లో అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో దానికి చోటు దొరికింది. అరవై ఏళ్లు పట్టింది.

జానపదం దగ్గరికి వద్దాం. ఓక్లహోమా బిడ్డ వుడీ గత్రీ 1940లో ‘డస్ట్ బౌల్ బాలడ్స్’ పాడాడు. మూడేసి రికార్డుల చొప్పున రెండు సంపుటాలుగా విక్టర్ కంపెనీ తెచ్చింది. దుమ్ము తుఫానులకు, అప్పులకు ఊళ్లు ఖాళీ అయి కాలిఫోర్నియాకు బతకబోయిన రైతుల కథ అది. 1936లో లాస్ ఏంజిల్స్ పోలీసులు 136 మందిని రాష్ట్ర సరిహద్దులకు పంపి, బతకవచ్చిన పేదలను వెనక్కి తరిమారు. సొంత దేశంలోనే పరాయివాళ్లు! పేదలను రాష్ట్రంలోకి తెచ్చినవాళ్లను శిక్షించే కాలిఫోర్నియా చట్టాన్ని సుప్రీంకోర్టు 1941లో గానీ కొట్టేయలేదు.

వుడీ రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు, కంపెనీ ముద్రించడం మానేసింది. మళ్లీ వేయండని వుడీయే అడిగితే కాదంది. 1950లో ఫోక్‌వేస్ అనే చిన్న సంస్థ విక్టర్ అనుమతి లేకుండానే వేసింది. జానపదానికి గిరాకీ పెరిగాక 1964లో పెద్ద కంపెనీకి ఆ పాటలు గుర్తొచ్చాయి. అప్పటికి వుడీ హంటింగ్టన్ వ్యాధితో ఆస్పత్రిలో ఉన్నాడు. గిటారు పట్టే చేతులు ఆయన మాట వినడం లేదు. 1967లో పోయాడు.

ఇక సొమ్ము లెక్క. 2018లో అమెరికా చేసిన చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య వచ్చిన రికార్డులకు 2067 దాకా హక్కుల రక్షణ ఉంది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కూడా ఆ లెక్కలోనే వస్తుంది. ఆ రికార్డులో వాయించిన ఏడుగురిలో చివరివాడు జిమ్మీ కాబ్ 2020లో మరణించాడు. వాయించినవాళ్లు లేరు, హక్కు మాత్రం ఇంకా నాలుగు దశాబ్దాలు బతుకుతుంది. ‘బ్లూ ఇన్ గ్రీన్’ బాణీ తనదని బిల్ ఎవాన్స్ మొత్తుకున్నా, అట్ట మీద మైల్స్ పేరే పడింది. పోలీసు దెబ్బ తిన్నవాడి రికార్డులోనూ తోటివాడి పేరు గల్లంతైంది. దీన్ని కూడా దాచకుండా చెప్పుకోవాలి.

కాబట్టి మేం చెప్పేది ఒక్కటే. జయంతులు చేయండి, కానీ లెక్కలు అడుగుతూ చేయండి. ఆ రికార్డులో వాయించిందెవరు? వాళ్లకు ముట్టిందెంత? ఆ నెలలో వీధిలో ఏం జరిగింది? విద్యార్థులు ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని పాత ఆల్బమ్‌లు వింటే, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని చరిత్ర దొరుకుతుంది. ఉద్యోగులు తమ సంఘాల సభల్లో ఒక సాయంత్రం వీటిని వినిపించవచ్చు, ఖర్చేమీ కాదు.

ఆగస్టు 17న ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వినండి. ఆగస్టు 25న మళ్లీ వినండి. రెండోసారి ఆ బాకా వేరేగా వినిపించకపోతే అడగండి.