ఉప్పల్, నాచారం దుకాణాలు: లైసెన్సు ఫీజు తక్కువే, చిక్కంతా కిరాయి కాగితం దగ్గరే

ఉప్పల్, నాచారం గల్లీల్లో ఇంటి ముందు గదినే దుకాణం చేసుకున్న కుటుంబాలు ఎన్నో. టైలరింగ్, చికెన్ సెంటర్, బిర్యానీ పాయింట్, బైక్ రిపేర్ లాంటివి నడపాలంటే జీహెచ్‌ఎంసీ చట్టం 1955 కింద ట్రేడ్ లైసెన్సు ఉండాలి. జీఎస్టీ కట్టే స్థాయి లేదు కాబట్టి లైసెన్సూ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కానీ రెండూ వేర్వేరు. తెలంగాణలో సరుకులు అమ్మేవారికి ఏటా 20 లక్షల రూపాయల టర్నోవర్ దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితి 40 లక్షలు. ట్రేడ్ లైసెన్సుకు మాత్రం టర్నోవర్‌తో పని లేదు.

ఫీజు రోడ్డు వెడల్పును, దుకాణం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. జీహెచ్‌ఎంసీ అమలు చేస్తూ వచ్చిన రేట్ల ప్రకారం 20 అడుగుల లోపు గల్లీలో చదరపు అడుగుకు 3 రూపాయలు, 20 నుంచి 30 అడుగుల రోడ్డులో 4, అంతకు మించితే 6. అంటే 200 చదరపు అడుగుల దుకాణానికి గల్లీలో 600, మెయిన్ రోడ్డు మీద 1,200 రూపాయలు. రెన్యువల్ గడువు దాటితే మొదట 25 శాతం, ఇంకా ఆలస్యమైతే 50 శాతం జరిమానా. అసలు లైసెన్సే లేకుండా దొరికితే 100 శాతం.

ఫీజు ఇంతే అయినా చాలామంది ఎందుకు తీసుకోరు? దరఖాస్తుకు కిరాయి అగ్రిమెంటు గానీ, ఇంటి పన్ను రసీదు గానీ కావాలి. ఓనర్ అక్కడే వెనకాడతారు. ఇంట్లో దుకాణం ఉందని కాగితం మీదకు వస్తే ఆ భాగానికి ఇంటి పన్ను కమర్షియల్ లెక్కలోకి మారి పెరుగుతుందని భయం. ఆ భయం నిజమే. దాంతో కిరాయి చేతికి చేతికే నడుస్తుంది, జరిమానా నోటీసు వస్తే భరించేది మాత్రం కిరాయిదారే.

కాగితం లేని నష్టం జరిమానాతో ఆగదు. బ్యాంకులో కరెంట్ అకౌంటు, ముద్రా లోన్ అడిగినప్పుడు వ్యాపారం ఉందని రుజువు చూపాలి. అది లేనివాళ్లు వడ్డీ వ్యాపారుల దగ్గరికే వెళ్తారు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే ఇళ్లకు ఇది మరింత పెద్ద ఇరకాటం.

ఇందులో కొంత వ్యాపారుల చేతిలోనే ఉంది. దుకాణం మాట్లాడుకునేటప్పుడే, అడ్వాన్సు ఇవ్వకముందే అగ్రిమెంటు సంగతి తేల్చుకోవాలి. పన్ను పెరిగితే ఎవరెంత భరించాలో అందులోనే రాసుకోవచ్చు. కేంద్రం 2020 జూలై 1 నుంచి తెచ్చిన ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. ఏజెంటుకు డబ్బులివ్వాల్సిన పని లేదు. తిండి అమ్మేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు వేరుగా కావాలి.

మిగిలింది అధికారుల పని. గల్లీ దుకాణం లైసెన్సు తీసుకోవాలంటే ముందు ఓనర్ భయం తీరాలి. చిన్న దుకాణం ఉన్న ఇంటికి పన్ను ఎంత పెరుగుతుందో వార్డు స్థాయిలోనే లెక్క వేసి చెబితే సగం గొడవ తీరుతుంది. అది చేయకుండా డ్రైవ్‌లు పెట్టి నోటీసులిస్తే జరిమానాలు వస్తాయేమో గానీ, లైసెన్సులు పెరగవు.