వదులైన గేర్ రాడ్

మన జుక్కల్ పల్లెల్లో ఇంకా మారుతి 800లు తిరుగుతున్నాయి. ఆ బండి తయారీ 2014లోనే ఆగింది. గేర్ రాడ్ అటూ ఇటూ ఊగుతూ, రెండో గేర్ కోసం వెతుక్కోవాల్సి వస్తే, వెంటనే గేర్‌బాక్స్ విప్పించడానికి ఒప్పుకోవద్దని మేమంటాం. చేతిలోని రాడ్‌కూ గేర్‌బాక్స్‌కూ నడుమ బండి అడుగున మరో కడ్డీ ఉంటుంది. దాని కీళ్లలో చిన్న బుష్‌లు. సాధారణంగా ముందు అరిగేవి అవే. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఒకరు గేర్ కదుపుతుంటే మరొకరు కింద చూడాలి. పైన రాడ్ ఊగుతున్నా కింద కడ్డీ కదలకపోతే లోపం అక్కడే. కొత్త బుష్‌లు వేయించండి.

తీగతో కట్టి సరిపెట్టేవాళ్లున్నారు (మనవాళ్లకు తీగంటే అంత నమ్మకం!). అర్ధరాత్రి ఎవరినో కాన్పుకు బాన్సువాడ తీసుకెళ్తుండగా ఆ తీగ తెగితే? బుష్‌లు మార్చాక కూడా గేర్ దానంతటదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే, అప్పుడు గేర్‌బాక్స్ విప్పించండి.