గుంట భూమి లెక్క గడియారంల ఉన్నది

పోడు పట్టాల లొల్లి మొదలైనప్పుడల్లా మనం ఎకరాల గురించి మాట్లాడతం, గుంటల గురించి మాట్లాడతం. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరిది కోసిన్రు అని పంచాయితీలు పెడతం. కానీ సర్వేకు వచ్చినోళ్ల చేతుల ఉన్న యంత్రం గురించి ఒక్క ముక్క అడగం. అది ఫోను కావచ్చు, జీపీఎస్ డబ్బా కావచ్చు. దాని లోపల గొలుసు లేదు, టేపు లేదు. ఉన్నది ఒక గడియారం. అది భూమిని కొలవదు, టైమ్ ను కొలుస్తది.

ఎట్లంటే, జీపీఎస్ ఉపగ్రహాలు మన నెత్తిమీద 20,200 కిలోమీటర్ల ఎత్తుల తిరుగుతయి. ఒక్కోదాంట్ల అణు గడియారాలు ఉంటయి. ‘ఇప్పుడు టైమ్ ఇంత, నేను ఫలానా కాడ ఉన్న’ అని చెప్పుకుంట పోవుడే వాటి పని. ఆ మాట మనదాకా రావాలంటే సెకనుల సుమారు 15వ వంతు పడతది. ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, ఉపగ్రహం ఎంత దూరంల ఉన్నదో యంత్రం లెక్క కడతది. ఆ సిగ్నల్ ఒక్క నానో సెకనుల, అంటే సెకనుల వంద కోట్ల వంతుల, 30 సెంటీమీటర్లు పోతది. పది నానో సెకన్లు తప్పు లెక్కిస్తే ఆ దూరం మూడు మీటర్లు తప్పుతది. మన చేతుల ఉన్న గడియారం చౌకది కాబట్టి దాని తప్పును పట్టుకునేటందుకే నాలుగో ఉపగ్రహం కావాలె. లేకుంటే మూడే చాలు.

ఇప్పుడు మన అడవి అంచుకు రాండ్రి. 2023 జూన్ 30న రాష్ట్రంల పోడు పట్టాల పంపిణీ మొదలైంది. నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు లెక్క. అండ్ల అన్ని జిల్లాలకన్నా పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెందే. ఇక్కడ గీత అంటే కాగితం మీది గీత కాదు. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు కాడ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు ప్రాణం పోయింది. పోడు భూమిల పెట్టిన మొక్కల గొడవ అది. చనిపోయినాయనకూ కుటుంబం ఉన్నది, జైలుకు పోయినోళ్లకూ కుటుంబాలు ఉన్నయి. గీత ఏడ పడాలన్న దాని మీద మనుషులు చచ్చే ఇలాకా ఇది. అందుకే ఆ గీతను గీసే యంత్రం ఎట్ల పనిచేస్తదో మన పిల్లలకు తెలవాలె అంటున్న.

ఒక లెక్క చూడుండ్రి. రెండెకరాల చెక్క, చదరంగ ఉన్నది అనుకుందాం. ఒక్కో పక్క సుమారు 90 మీటర్లు. నాలుగు మూలలూ ఒకే దిక్కుకు మూడు మీటర్లు జరిగితే ఎకరాలు తగ్గవు, చెక్క మొత్తం పక్కకు జరిగి కూసుంటది. పక్కోనితోని, లేకుంటే ఫారెస్టోళ్లతోని తగాదా పుడతది. అదే చుట్టూ మూడు మీటర్లు లోపలికి పడితే 90 కాస్తా 84 అయితది. అప్పుడు పోయేది 1,044 చదరపు మీటర్లు. అంటే పది గుంటలు, పావెకరం! బయటికి పడితే లాభమే గదా అనొద్దు. అప్పుడు కాగితం మీద మీరు అడవిని ఆక్రమించినోళ్లు అయితరు.

మూడు మీటర్ల తప్పు పెద్దదేం కాదు, బయలు జాగలనే మామూలు ఫోనుకు అంత ఉంటది. చెట్ల కిందికి పోతే ఇంకా పెరుగుతది. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ మస్తు బలహీనమైంది. పచ్చి ఆకు, అందులోనూ వాన తడిసిన ఆకు, దాన్ని మింగేస్తది. మొద్దులకూ బండలకూ తగిలి చుట్టు తిరిగి వచ్చిన సిగ్నల్ ఆలస్యంగ చేరి గడియారాన్ని మోసం చేస్తది. టేకు ఆకు రాల్చినంక ఎండకాలంల కొట్టిన పాయింటు, శ్రావణంల అదే టేకు కింద కొట్టిన పాయింటు ఒక్కతీరు ఉండవు.

ఇక్కడనే యాంటెన్నా ముచ్చట వస్తది. ఉపగ్రహం సిగ్నల్ తాడు పేనినట్టు కుడిచేతి వాటంగ మెలితిరుగుకుంట వస్తది. గోడకో రేకుకో తగిలి వాపసొస్తే ఆ మెలి చానా వరకు ఎడమకు మారుతది. మంచి యాంటెన్నా కుడి మెలిని తీసుకొని ఎడమ మెలిని నూకేస్తది. ఫోన్ల ఉండే గోరంత యాంటెన్నాకు ఆ తెలివి లేదు, ఏది వస్తే అది పట్టుకుంటది. కాబట్టి వేల రూపాయల ఫోను కన్నా కొన్ని వందల రూపాయల విడి యాంటెన్నా చాలాసార్లు నయం.

నేను చెప్పేదేందంటే, ఊరి బడి స్లాబు మీదనో పంచాయతీ ఆఫీసు మీదనో ఒక స్థిరమైన యాంటెన్నా పెట్టుండ్రి. దాంతోని సరైన టైమ్ పట్టే గడియారం కట్టుండ్రి. దునియాల చానామంది ఇది సరదాకు కడతరు, సెకనుల పదిలక్షల వంతు కూడా తప్పని గడియారం ఇంట్ల ఉండాలని. మనకు సరదా కూడా ఉన్నది, అవసరం కూడా ఉన్నది.

యాంటెన్నా సొంతంగ చేసుడా, కొనుడా? రాగి తీగలు నాలుగు మెలి తిప్పి చేసే యాంటెన్నా చూడ ముచ్చటగ ఉంటది, నేర్చుకునేటందుకు మంచిది. కానీ జీపీఎస్ నడిచేది 1575.42 మెగాహెర్ట్జ్ మీద. అలపొడుగు 19 సెంటీమీటర్లు, పావు అంటే ఐదు సెంటీమీటర్లు కూడా లేదు. మూడు మిల్లీమీటర్లు తప్పు కోసినా ట్యూనింగ్ పక్కకు పోతది. పైగా సిగ్నల్ ను పెంచే యాంప్లిఫయర్ యాంటెన్నాకు ఆనుకొనే ఉండాలె. అందుకని నా మాట: లోపలి బిళ్ల కొనుండ్రి, మిగతాదంతా మీరే చెయ్యుండ్రి. కార్లకు పెట్టే నల్ల డబ్బా యాంటెన్నాల పింగాణి బిళ్ల, యాంప్లిఫయర్ రెండూ ఉంటయి.

ఆ బిళ్లను ఉత్తగ గోడ మీద పడేస్తే సగమే పనిచేస్తది. దాని కింద లోహపు పళ్లెం కావాలె. నూనె డబ్బా రేకు కోసినా సరే, జానెడు స్టీలు పళ్లెం అయినా సరే. మధ్యల పెట్టి, సమానంగ ఆకాశం దిక్కు చూసేటట్టు బిగించాలె. కింద నుంచి వచ్చే ఎదురు సిగ్నల్ ను ఆ పళ్లెం ఆపుతది. పైన ప్లాస్టిక్ గిన్నె బోర్లించొచ్చు, లోహపుది మాత్రం వద్దు. సెల్ టవర్ల కాడ తెల్లగ పుట్టగొడుగు తీరు ఉండే డబ్బాలు చూసిన్రా? అవి గివే. పిట్టలు కూసోకుండ కొన్నిటికి పైన మొన తేలుస్తరు. మనకాడ పిట్టల కన్నా కోతులతోనే పంచాయితీ, వైరును జీఐ పైపు లోపల నుంచే దింపుండ్రి.

వైరుకు డిష్ టీవీ కేబుల్ మంచిగ సరిపోతది. యాంటెన్నాలకు 50 ఓమ్‌ల వైరు వాడాలని పుస్తకాలు చెప్తయి, ఇది 75. ఆ తేడాతోని వచ్చే నష్టం చిన్నది. సన్న వైరు వాడితే పది మీటర్లకే సిగ్నల్ సగం కన్నా ఎక్కువ కారిపోతది, అది పెద్దది. ఇంకోటి యాదికి పెట్టుకోండ్రి. డిష్ కేబుల్ల సిగ్నల్ మీటరుకు సుమారు నాలుగు నానో సెకన్లు ఆలస్యమైతది. 20 మీటర్ల వైరుంటే మీ గడియారం 80 నానో సెకన్లు వెనక. జాగ లెక్కకు దీంతోని తేడా రాదు, ఎందుకంటే అన్ని ఉపగ్రహాలకూ అదే ఆలస్యం. టైమ్ లెక్కకు మాత్రం దాన్ని తీసెయ్యాలె.

నిలబెట్టే తావు కూడా చూసుకోవాలె. జీపీఎస్ ఉపగ్రహాల దారులు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటయి. అందుకని మన ఉత్తరం దిక్కు కిందిభాగంల ఆకాశం ఖాళీ. గుట్టో, వాటర్ ట్యాంకో, పెద్ద చింతచెట్టో ఏదో ఒకదిక్కు అడ్డం వచ్చేదే ఉంటే అది ఉత్తరం దిక్కే రానియ్యుండ్రి, దక్షిణం మొత్తం తెరిచి ఉంచుండ్రి. ఉరుముల కాలంల ఎర్తింగ్ లేకుండ ఇనుప పైపు నిలబెట్టొద్దు, పిడుగుకు పిలుపు ఇచ్చినట్టే.

కింద చిన్న జీపీఎస్ మాడ్యూల్, అండ్ల సెకనుకు ఒకసారి గుండె కొట్టుకున్నట్టు వచ్చే సంకేతం, దాన్ని చదివే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్. అంతే సామాను. కొత్తగ కరెంటు ఇచ్చినంక పావుగంట దాకా దాన్ని నమ్మొద్దు. జీపీఎస్ సొంత టైమ్ మన లోకం టైమ్ కన్నా 18 సెకన్లు ముందు ఉన్నది, ఆ తేడా చెప్పే మాట ఉపగ్రహం నుంచి పన్నెండున్నర నిమిషాలకోసారే వస్తది. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ల పొద్దుమూకినంక అంకెలు ఎగిరెగిరి పడితే యాంటెన్నాను తిట్టొద్దు. మన నెత్తిమీది అయనోస్ఫియర్ గుణం అది. ఉస్మానియా యూనివర్సిటీల నెర్టు అనే విభాగం ఏండ్ల సంది ఇసొంటి నావిగేషన్ ముచ్చట్ల మీదనే పనిచేస్తున్నది.

టైమ్ మీద ఇంకో ముచ్చట. మనం పెట్టుకునే టైమ్ 82.5 డిగ్రీల రేఖది. భద్రాచలం అంతకన్నా డిగ్రీన్నర పడమరకు ఉన్నది. అంటే గడియారంల పన్నెండు కొట్టినంక ఆరు నిమిషాలకు గని, సగటు లెక్కన, సూర్యుడు మన నడినెత్తికి రాడు. అభిజిత్ లగ్నంల రాములోరి కల్యాణం చూసే పిల్లలు ఈ ఆరు నిమిషాల లెక్క కూడా చెయ్యొచ్చు.

మరి మన దేశపు ఉపగ్రహాలు లేవా అంటే ఉన్నయి, పేరు నావిక్. 24 గంటలూ మన ఆకాశంలనే ఉండేటట్టు పెట్టిన్రు. కానీ 2013ల పంపిన మొదటిదాంట్ల విదేశం నుంచి తెచ్చిన మూడు అణు గడియారాలూ చెడిపోయినయి. బదులుగ 2017 ఆగస్టుల పంపినదాని పై కవచం ఊడలేదు. 2023 మే 29న మన సొంత గడియారంతోని ఎన్‌వీఎస్-01 పోయింది, అది గెలుపే. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంల ఎన్‌వీఎస్-02 ఎగిరింది. రాకెట్ మంచిగనే పోయింది, ఉపగ్రహంల ఒక వాల్వు తెరుచుకోక అది చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. రోడ్డు లేని గుంపులకు జీపీఎస్ అటెండెన్స్ మాత్రం టైమ్ కు చేరింది! అందుకని మాడ్యూల్ కొనేటప్పుడు ఒక్క నావిక్ నే నమ్ముకోవద్దు, జీపీఎస్, గెలీలియో, నావిక్ అన్నీ పట్టేది తీసుకోండ్రి. ఎల్1తో పాటు ఎల్5 కూడా పడితే ఇంకా మంచిది.

ఇగ అసలు పనికి వద్దాం. స్లాబు మీద కదలకుండ ఉన్న యాంటెన్నా రోజంతా లెక్కలు తీసి సగటు కడితే దాని జాగ మీటరు అటూఇటుగ తేలుతది. సర్వేకు ఎవరు వచ్చినా ముందు వాళ్ల ఫోను ఆ పళ్లెం పక్కన పెట్టమనుండ్రి. పది మీటర్ల తేడా చూపిస్తే ఆ పూట పాయింట్లు కొట్టనియ్యొద్దు. చెట్ల కింద మూల ఉంటే బయలుల ఒక పాయింటు తీసి, అక్కడి నుంచి టేపు గుంజమనుండ్రి. పంచనామాల టైమ్, దొరికిన ఉపగ్రహాల సంఖ్య, యంత్రం చూపించిన తప్పు ఎన్ని మీటర్లో రాయించుండ్రి. అటవీ హక్కుల చట్టం నిబంధనల 12ఎ ఏమంటదంటే, ఉపగ్రహ చిత్రాలు, టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదు. పెద్దమనుషుల మాట, ఒడ్లు, బాయిలు, బొందలగడ్డలు ఇవన్నీ సాక్ష్యాలే. ‘యాప్ ల రాలేదు’ అని ఎవరన్నా దరఖాస్తు పక్కన పెడితే ఈ నిబంధన చూపించుండ్రి.

ఒక హెచ్చరిక. మన సరిహద్దుల డబ్బా, వైర్లు, బ్యాటరీ పట్టుకొని అడవిల ఒంటరిగ తిరిగే పిల్లగాన్ని ఎవరూ ‘గడియారం కడుతున్నవా తమ్మీ’ అని అడగరు. అందుకని ఎవరి ఇంటెనకనో గుట్టుగ పెట్టొద్దు. గ్రామసభల చెప్పి, తీర్మానం రాయించి, బడి స్లాబు మీద నలుగురు చూసేటట్టు పెట్టుండ్రి. సైన్సు సారును కూడా కలుపుకోండ్రి, స్లాబు తాళం చెవి ఎట్లా ఆయన కాడనే ఉంటది.