సందులు మూస్తే కరెంటు మిగులు

పల్లెల్లోకీ ఏసీలు వచ్చాయి. పసిపిల్లలకు, ముసలివారికి వడదెబ్బ తగలకూడదని అప్పు చేసి కొన్నవారూ ఉన్నారు. తీరా బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు కూడా పెరిగే శ్లాబు పద్ధతి సామాన్యుడిని మరింత కుంగదీస్తోంది. అందరూ మీటరును అనుమానిస్తున్నారు. తలుపు సందును ఎవరూ చూడటం లేదు.

మన ఇళ్లు గాలి ఆడటానికి కట్టినవి. ఫ్యాను తిరిగే ఇంటికి అది మేలే. ఏసీ గదికి అదే చేటు. చల్లగాలి తలుపు కింద నుంచి జారిపోతుంది. బయటి వేడి, తేమ కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తాయి. ఏసీ గొట్టం నుంచి బకెట్లలోకి కారే నీరు గాలిలోని ఆ తేమే. దాన్ని పిండటానికీ కరెంటు ఖర్చవుతుంది.

చలి దేశాలు ఈ సంగతి ముందే గ్రహించాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1977లో కెనడాలోని రెజైనాలో గాలి చొరబడని ఇల్లు కట్టి చూశారు. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మందపు గోడలతో, సందులు లేకుండా కట్టిన ఇళ్లకు వెచ్చదనం కోసం వాడే ఇంధనం మామూలు ఇళ్లలో సుమారు పదో వంతే. అక్కడ వేడి బయటికి పోకుండా ఆపారు. మనం వేడి లోపలికి రాకుండా ఆపాలి. సూత్రం ఒక్కటే.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఏసీ ఉన్న గది కిటికీలకు రబ్బరు పట్టీ, తలుపు కింద గుడ్డ చుట్ట, ద్వారబంధం పక్క పగుళ్లకు సిమెంటు, డాబాపై తెల్ల సున్నం చాలు.

అయితే ఒక హెచ్చరిక. డార్మ్‌స్టాట్ ఇళ్లలో తాజా గాలికి వేరే గొట్టాలు పెట్టారు. మన స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు. కనుక రోజూ పొద్దున్నే గది తలుపులు, కిటికీలు తెరవాలి. కట్టెల పొయ్యి ఉన్న వంటింటిని ఎన్నడూ బిగించరాదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటరు ప్రాణాలు తీస్తాయి.

పునాది, లెంటల్, శ్లాబు దశలు చూసి ఇళ్ల బిల్లులు మంజూరు చేసే గృహనిర్మాణ అధికారులు తలుపులు, కిటికీల బిగింపును కూడా పరిశీలించాలి. కట్టేనాడు గుప్పెడు సిమెంటుతో పోయే పనికి పేదవాడు ఏళ్ల తరబడి కరెంటు బిల్లు కట్టవలసి రావడం న్యాయం కాదు.