ఇంజెక్షన్ తర్వాతి వారాన్నీ పట్టించుకోండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రిగారికి,

అయ్యా,

గుండెపోటు రోగులకు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం గొప్ప మేలు. నా విన్నపం ఆ తర్వాతి వారం గురించి.

రక్తం అందక చచ్చుబడిన కండరం మెత్తబడుతుంది. మొదటి రోజే కావచ్చు, నాలుగైదు రోజులకు కావచ్చు, రెండు జఠరికల మధ్య గోడకు చిల్లు పడవచ్చు. మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచే కండరమైనా తెగవచ్చు. అరుదే, నిజమే. కానీ కోలుకుంటున్నాడనుకున్న మనిషికి ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు వస్తాయి, బీపీ పడిపోతుంది. స్టెతస్కోప్ పెడితే నిన్న లేని మర్మర్ (గుండె చప్పుడులో అదనపు శబ్దం) వినిపిస్తుంది. మందులతో ఆ చిల్లు పూడదు. ప్యాచ్ వేసి కుట్టాలి. గుండె సర్జన్ డెంటన్ కూలీ బృందం 1957లోనే ఈ శస్త్రచికిత్సను ప్రచురించింది. కుట్టు నిలవనంత మెత్తటి కండరం కాబట్టి నేటికీ ఇది కష్టమైన ఆపరేషనే.

పాడేరులో ఇలా జరిగితే ఘాట్ దిగి విశాఖ చేరాలి. అందుకే ప్రతి జిల్లా ఆసుపత్రిలో రాత్రిపూట కూడా ఎకో తీసేవారిని ఉంచండి. కొత్త మర్మర్ వినగానే నేరుగా గుండె సర్జన్‌కు ఫోన్ చేసే ఏర్పాటు చేయండి. అనుమతి కాగితాల కోసం మాత్రం ఆ రోగిని ఆపనివ్వకండి.

ఇట్లు,
ఒక పౌరుడు